పాత ఫెర్గూసన్ ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ పుల్లీ కదలడం లేదు, పగలకుండా ఊడదీయడం ఎలా?

బూడిదరంగు ఫెర్గూసన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1952లో తయారైన ఫెర్గూసన్ టీఈఏ20 ట్రాక్టర్ ఉంది. అందులో ఉన్నది స్టాండర్డ్ కంపెనీ నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. బోరు 85 మిల్లీమీటర్లు, స్ట్రోకు 92 మిల్లీమీటర్లు, అంటే 2088 సీసీ. ఇంజన్ చక్కగా నడుస్తోంది కానీ, కొంతకాలంగా ముందువైపు క్రాంక్‌షాఫ్ట్ పుల్లీ వెనక నుంచి నూనె కారి, పుల్లీ తిరిగే వేగానికి చిమ్మి, రేడియేటర్ అడుగు భాగం మీదా ఫ్యాన్ బెల్టు మీదా పడుతోంది. బెల్టు నూనెలో నాని జారడం మొదలుపెట్టింది కాబట్టి ఇక వాయిదా వేయకుండా ముందు ఆయిల్ సీల్ మార్చాలని నిశ్చయించుకున్నాను.

సీల్ దాకా చేరాలంటే ముందు పుల్లీ రావాలి, పుల్లీ రావాలంటే దాని ముందున్న స్టార్టర్ డాగ్, అంటే చేతి హ్యాండిల్ కొన ఇరికే దంతాల ముక్క ఊడాలి. పానా వేసి లాగితే అది వదలకపోగా ఇంజన్ మొత్తం దానితోపాటే తిరిగిపోతోంది. అది ఏ దిశలో ఊడుతుందో కూడా నాకు నమ్మకంగా తెలియదు. పైగా పుల్లీ అంచులో బొటనవేలి గోరంత ముక్క ఇదివరకే ఎగిరిపోయి ఉంది. నాకంటే ముందు ఎవరో దీన్ని లాగబోయి మధ్యలో వదిలేశారని అనుకుంటున్నాను. నా దగ్గర మూడు కొక్కేల పుల్లర్, అంటే పుల్లీని పట్టి బయటికి లాగే సాధనం ఉంది కానీ, ఆ విరిగిన అంచును చూశాక దాన్ని తగిలించడానికి చేయి రావడం లేదు. డెబ్బై ఏళ్లు దాటిన పుల్లీని నా చేతులతో పగలగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అనుభవం ఉన్నవారు దారి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పోత ఇనుము

ముందు దిశ సంగతి. హ్యాండిల్‌ను మనం ట్రాక్టర్ ముందు నిలబడి సవ్యదిశలో, అంటే గడియారపు ముళ్లు తిరిగే దిశలో తిప్పుతాం. డాగ్ దంతాలు ఒకవైపు నిటారుగా, మరోవైపు వాలుగా ఉంటాయి. నిటారు వైపు హ్యాండిల్ పట్టుకుని తోస్తుంది, ఇంజన్ అందుకోగానే వాలు వైపు హ్యాండిల్‌ను బయటికి నెట్టేస్తుంది. హ్యాండిల్ తిప్పుడుకు డాగ్ ఇంకా బిగుసుకోవాలే తప్ప వదులు కాకూడదు కాబట్టి దీనికి మామూలు కుడి మరే ఉంటుంది, ముందు నుంచి చూస్తూ అపసవ్యదిశలో తిప్పితే ఊడుతుంది. పానా వేసే ముందు డాగ్ వెనక లాక్ వాషర్ ఉందేమో చూడండి. దాని చెవి డాగ్ పలక మీదికి మడిచి ఉంటే చిన్న ఉలితో దాన్ని చదును చేయాలి. చాలా సందర్భాల్లో అది గ్రీజు, మట్టి కింద కప్పబడి కనిపించదు. చెవి విప్పకుండా ఎంత బలం పెట్టినా ఆ బలమంతా వృథాయే.

ఇక ఇంజన్ తిరగకుండా ఆపడం. ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు బ్యాటరీ తీగలు తీసేయండి. మీ టీఈఏ20తో సహా టీఈ20 రకాల్లో స్టార్టర్ స్విచ్ గేరు కడ్డీకే ఉంటుందని, కడ్డీని ఎస్ గుర్తు వైపు నెడితే స్టార్టర్ తిరుగుతుందని మీకు తెలిసే ఉంటుంది. డాగ్ మీద పొడవాటి పానా ఉండగా ఎవరి చేయైనా ఆ కడ్డీకి తగిలితే పానా పట్టుకున్న చేయి విరుగుతుంది. మొదట బాడీకి కలిపిన తీగ తీయాలి. పాత బ్రిటిష్ బళ్లలో పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉండటం సాధారణం కాబట్టి అలవాటు కొద్దీ నెగెటివ్ తీగ కోసం చూడకుండా, ఏది బాడీకి పోతుందో కంటితో చూసి దాన్నే ముందు తీయండి.

గేరులో వేసి బ్రేకు తొక్కడం అందరూ చెప్పే పద్ధతి. అలా చేసేటట్లయితే నాలుగో గేరు వేయాలి, ఎందుకంటే పై గేరులో క్రాంక్ మీద పెట్టిన బలం చక్రాల దగ్గరకు తక్కువగా పెరిగి చేరుతుంది, బ్రేకులకు ఆపడం తేలిక. కానీ పాత క్లచ్ జారితే ఈ పద్ధతి పనిచేయదు. అందువల్ల నేను తాడు పద్ధతినే నమ్ముతాను. మొదటి సిలిండర్ స్పార్క్ ప్లగ్ తీసి, ఆ పిస్టన్ పవర్ స్ట్రోకులో పైనుంచి కొంత కిందికి దిగి ఉండేలా, రెండు వాల్వులూ మూసుకుని ఉండేలా ఇంజన్‌ను నిలపండి. ప్లగ్ రంధ్రం గుండా మెత్తటి నూలు తాడును పట్టినంత లోపలికి దూర్చండి, చివర మూరెడు బయటే ఉంచండి. మనం డాగ్‌ను అపసవ్యదిశలో తిప్పినప్పుడు క్రాంక్ వెనక్కి తిరిగి పిస్టన్ పైకి లేస్తుంది, తాడు హెడ్డుకూ పిస్టన్‌కూ మధ్య మెత్తలా ఇరుక్కుని ఇంజన్ ఆగిపోతుంది. మళ్లీ బిగించేటప్పుడు మాత్రం దీనికి తలకిందులు: పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకులో పైకి వస్తూ, ఇంకా పైకొసకు చేరకముందు తాడు దూర్చాలి. ఈ తేడా మరచిపోయినవారు, వాల్వు తెరుచుకుని ఉన్న చోట తాడు దూర్చి, వాల్వు కాడ వంచుకున్న సందర్భాలు నేను చూశాను.

ఫ్లైవీల్ పళ్లలో స్క్రూడ్రైవర్ ఇరికించడం మాత్రం వద్దు. ఒక పన్ను విరిగితే ట్రాక్టర్‌ను నడుముకు విడదీసి రింగ్ గేరు మార్చవలసి వస్తుంది.

నెమ్మది పానా

పైన చెప్పినదంతా సరైనదే. అయితే పుల్లీ జోలికి వెళ్లే ముందు ఒక మాట అడుగుతాను: క్రాంక్‌కేస్ బ్రీదర్ శుభ్రంగా ఉందా? పిస్టన్ రింగుల పక్కనుంచి జారిన వాయువు బ్రీదర్ గుండా బయటికి పోవాలి. అది మసితో పూడిపోతే లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీల్ నుంచి కూడా నూనె తోసుకుని వస్తుంది. అలాంటప్పుడు కొత్త సీల్ వేసినా కొద్ది గంటల్లో మళ్లీ అదే తడి కనిపిస్తుంది. ఇంజన్ ముందుభాగాన్ని కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, టాల్కం పౌడరు చల్లి పది నిమిషాలు ఇంజన్ నడిపి ఆపండి. తడి గీత పుల్లీ మధ్య నుంచి మొదలైతే సీల్, టైమింగ్ కవరు, అంటే పుల్లీ వెనక ఇంజన్ ముందుభాగాన్ని మూసే మూత, దాని అంచు నుంచి మొదలైతే గ్యాస్కెట్. ఈ పరీక్షకు అరగంట కూడా పట్టదు.

సీల్ అని తేలితే చోటు సమస్య వస్తుంది. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ మాదిరిగానే ఈ ట్రాక్టర్‌కు కూడా విడిగా ఛాసిస్ లేదు. ఇంజనే వెన్నెముక, ముందు ఇరుసు మోసే బ్రాకెట్ నేరుగా ఇంజన్ ముందుభాగానికి బోల్టులతో బిగించి ఉంటుంది. బ్రాకెట్‌లో హ్యాండిల్ దూరే రంధ్రం గుండా పొడవాటి సాకెట్ వేసి డాగ్ వదులు చేయవచ్చు గానీ, పుల్లీ బయటికి రావడానికీ, పుల్లర్ నిటారుగా నిలవడానికీ అక్కడ చోటు చాలదు. నీళ్లు వదిలి, రేడియేటర్ గొట్టాలు విప్పి, స్టీరింగ్ డ్రాగ్ లింకులు, రేడియస్ రాడ్లు విడదీసి, ముందు ఇరుసును రేడియేటర్‌తో సహా ఒకే ముక్కగా ముందుకు దొర్లించడమే మంచి పని. ఇరుసు నడుమ ఒక్క పిన్ను మీద ఊగుతుంది కాబట్టి, ఇరుసుకూ బ్రాకెట్‌కూ మధ్య రెండు వైపులా చెక్క వెడ్జిలు దిగ్గొట్టకపోతే బోల్టులు ఊడిన మరుక్షణం ఆ బరువంతా ఒక పక్కకు ఒరుగుతుంది. ఇంజన్ కింద జాకీ ఒక్కటే పెట్టి పని చేయవద్దు, జాకీతోపాటు స్టాండు లేదా గట్టి చెక్క దిమ్మలు తప్పనిసరి. వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టండి.

లేత్ మిషను

మీరు కొక్కేల పుల్లర్ తగిలించకుండా ఆగినందుకు సంతోషించాను. ఆ పుల్లీ పోత ఇనుముది. పోత ఇనుము నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును, వంపును మాత్రం చాలా తక్కువగా తట్టుకుంటుంది, సాగకుండా ఒక్కసారిగా పగులుతుంది. బెల్టు గాడి అంచును పట్టి లాగినప్పుడు పలుచటి అంచు మీద పడేది సరిగ్గా ఆ వంపు బలమే. మీ పుల్లీ అంచులో పోయిన ముక్క అలాగే పోయి ఉంటుంది. లాగవలసింది షాఫ్టు మీద కూర్చున్న లావుపాటి నడిబొడ్డును, అంటే హబ్బును. అంచును కాదు.

హబ్బు ముఖాన్ని తీగ బ్రష్‌తో మెరిసేదాకా శుభ్రం చేయండి. మర తీసిన రంధ్రాలు ఉంటే, అవి గట్టిపడిన గ్రీజుతో నిండి, చదునైన ఇనుములాగే కనిపిస్తాయి. ఉంటే అదృష్టం, బోల్టులతో లాగే పుల్లర్ సరిపోతుంది. లేకపోతే మనమే వేసుకోవాలి, అందుకు నేను చేసే పద్ధతి ఇది. 12 నుంచి 16 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పలక ఒకటి తీసుకుని, సరిగ్గా మధ్యలో ఒక రంధ్రం, దానికి సమాన దూరంలో ఎదురెదురుగా రెండు 6.8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయండి. మధ్య రంధ్రాన్ని షాఫ్టు కేంద్రానికి సరిపెట్టి, పలకను హబ్బుకు కదలకుండా పట్టి ఉంచితే అదే డ్రిల్లుకు దారి చూపుతుంది. చేతి డ్రిల్లుతో వేసినా రంధ్రాలు వంకర పోవు. తర్వాత ఎం8 ట్యాప్‌తో, అంటే 8 మిల్లీమీటర్ల బోల్టుకు మర కోసే పనిముట్టుతో హబ్బులో మర తీసి, పలకలోని ఆ రెండు రంధ్రాలను బోల్టు దూరేంత పెద్దవి చేసి, మధ్య రంధ్రానికి పెద్ద మర తీస్తే ఆ పలకే పుల్లర్ అవుతుంది. పోత ఇనుములో మర కనీసం 12 మిల్లీమీటర్ల లోతు పట్టాలి, వీలైతే 16. డ్రిల్లు హబ్బును దాటి వెనక టైమింగ్ కవరులోకి దిగకుండా కావలసిన లోతు దగ్గర డ్రిల్లు బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. కీ గాడికి, అంటే పుల్లీ షాఫ్టు మీద జారకుండా ఆపే చిన్న ఇనుప ముక్క (కీ) కూర్చునే గాడికి దగ్గరలో మాత్రం రంధ్రం వేయకండి, అక్కడ ఇప్పటికే హబ్బు బలహీనం.

పుల్లర్ మధ్య బోల్టు షాఫ్టు కొన మీద నేరుగా నొక్కకూడదు. షాఫ్టు చివర లోపలి మర ఉంటే దానిలో పొట్టి బోల్టు బిగించి దాని తల మీద నొక్కండి. బయటి మర ఉంటే డాగ్‌ను నాలుగైదు చుట్లు మళ్లీ ఎక్కించి ఉంచండి, మరకూ రక్షణ, పుల్లీ ఒక్కసారిగా ఊడి కాళ్ల మీద పడకుండానూ ఉంటుంది. మధ్యలో రాగి లేదా ఇత్తడి బిళ్ల పెట్టండి. బిగించి, ఆగి, పుల్లర్ బోల్టు తల మీద చిన్న సుత్తితో ఒక గట్టి దెబ్బ, మళ్లీ పావు చుట్టు, ఇలాగే నడవాలి. ఇక్కడ బలం కన్నా బిగింపును అలా ఉంచి వేచి ఉండటమే ఎక్కువ పని చేస్తుంది. రాత్రి బిగించి వదిలిన పుల్లీ తెల్లవారేసరికి తనంతట తానే కదిలి ఉండటం నాకు మూడు నాలుగుసార్లు ఎదురైంది. క్రాంక్ కొన మీదా పుల్లీ మీదా పెద్ద సుత్తితో కొట్టడం మాత్రం పనికిరాదు, ఆ దెబ్బలన్నీ క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ల మీదకే పోతాయి.

బూడిదరంగు ఫెర్గూసన్

అందరికీ కృతజ్ఞతలు. బ్రీదర్ నిజంగానే సగానికి పైగా పూడిపోయి ఉంది, శుభ్రం చేశాను. అయినా పౌడరు పరీక్షలో తడి గీత పుల్లీ మధ్య నుంచే మొదలైంది. ముందు ఇరుసును చెక్క వెడ్జిలు దిగ్గొట్టి ముందుకు దొర్లించాను. లాక్ వాషర్ చెవి చెప్పినట్లే మట్టి కింద దాగి ఉంది. దాన్ని విప్పి, తాడు పద్ధతిలో పొడవాటి గొట్టం తొడిగిన పానాతో లాగితే డాగ్ వదిలింది. దాని వెనక పలుచటి షిమ్ములు, అంటే రేకు బిళ్లలు రెండు వచ్చాయి, అవి దేనికో తెలియలేదు.

హబ్బులో రంధ్రాలు లేవు. పలక చేసి ఎం8 మర తీసి పుల్లర్ తగిలించాను. రెండు రోజులుగా చొచ్చుకుపోయే నూనె పోస్తూ బిగింపులో ఉంచినా వెంట్రుకవాసి కదల్లేదు. ఇప్పుడు గ్యాస్ మంటతో వేడి చేయవచ్చా? పెట్రోల్ ట్యాంకు ఇంజన్ మీదే ఉండటం వల్ల భయంగా ఉంది.

పోత ఇనుము

నా సలహా ఇంకా నాలుగు రోజులు ఆగమనే. రెండు రోజులు చాలా తక్కువ. కీ గాడి షాఫ్టు పొడవునా ఉన్న కాలువ లాంటిది, నూనె లోపలికి చేరడానికి అదే ఉత్తమమైన దారి. క్రాంక్‌ను తిప్పి కీ గాడిని పైకి తెచ్చి అక్కడ చుక్కచుక్కగా పోయండి. ఆటోమేటిక్ గేరు నూనె, అసిటోన్ సమపాళ్లలో కలిపిన ద్రవం బాగా చొచ్చుకుపోతుంది. కానీ అసిటోన్ మండే పదార్థం, అది వాడినచోట ఆ తర్వాత మంట పెట్టకూడదు.

షిమ్ముల విషయం: వాటిని జాగ్రత్తగా దాచండి. ఇలాంటి ఇంజన్లలో డాగ్ బిగిసిన తర్వాత దాని దంతాలు ఏ కోణంలో ఆగాలో ఆ షిమ్ముల మందమే నిర్ణయిస్తుంది. కంప్రెషన్ తగిలే సమయానికి హ్యాండిల్ కింది నుంచి పైకి లాగే స్థితిలో ఉండటం మంచిది, కిందికి నొక్కే స్థితిలో ఉంటే ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు మణికట్టు విరుగుతుంది.

లేత్ మిషను

ఆగడం మంచిదే గానీ, బిగింపులో కూడా కదలనిది నూనెకు మాత్రమే లొంగుతుందని నేను అనుకోను. వేడి చేయవచ్చు, అయితే ట్యాంకును ముందు పూర్తిగా దించి దూరంగా పెట్టాలి. ట్యాంకు ఖాళీ చేసి అక్కడే ఉంచితే చాలదు, ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం. కార్బురేటర్ గొట్టం మూయాలి, కింద పడిన నూనె తుడవాలి, మంటలార్పే సాధనం చేతికి అందేచోట ఉండాలి. అసిటోన్ మిశ్రమం ఇప్పటికే వాడి ఉంటే దాన్ని పూర్తిగా తుడిచి, ఆరనిచ్చిన తర్వాతే మంట ముట్టించండి.

వేడి హబ్బుకే ఇవ్వాలి, షాఫ్టుకు కాదు. 35 మిల్లీమీటర్ల బోరున్న పోత ఇనుము హబ్బు షాఫ్టు కన్నా 100 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడెక్కితే బోరు సుమారు 0.037 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. తుప్పు పట్టు వదలడానికి ఇది చాలు. కానీ ఆ తేడా నిమిషాల్లోనే పోతుంది, వేడి షాఫ్టులోకి పాకగానే రెండూ కలిసి వ్యాకోచిస్తాయి. అందుకే పుల్లర్‌ను ముందే బిగించి ఉంచి, మంటను ఒకేచోట ఆపకుండా హబ్బు చుట్టూ తిప్పుతూ త్వరగా వేడి చేసి, వెంటనే బిగించాలి. రాకపోతే పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ చేయండి. హబ్బు వేడిగా ఉండగా షాఫ్టు కలిసే అంచుకు మైనం తాకిస్తే అది కరిగి సందులోకి పీల్చుకుపోతుంది, ఇది చాలాసార్లు పనిచేసింది. వేడి పోత ఇనుము మీద నీళ్లు మాత్రం పోయకండి, పగులుతుంది. పాత సీల్ ఈ వేడికి పాడవుతుంది, ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి చింత లేదు. ఇది చదివే మరొకరి ఇంజన్‌లో పుల్లీకి, హబ్బుకు మధ్య రబ్బరు అతికిన డ్యాంపర్, అంటే క్రాంక్ కంపనాలను తగ్గించే భాగం ఉంటే ఈ పద్ధతి వారికి వర్తించదు. ఆ రబ్బరు వేడికి ఊడిపోతుంది.

బూడిదరంగు ఫెర్గూసన్

వచ్చింది! ట్యాంకు దించి, మూడోసారి వేడి చేసి మైనం పట్టించాక టక్కుమని శబ్దం చేసి వేలెడు ముందుకు జరిగింది, ఆ తర్వాత చేతితోనే లాగేశాను. కీ చెక్కుచెదరలేదు. అంచులో కొత్తగా ఏమీ విరగలేదు. అయితే సీల్ పెదవి ఆనే చోట హబ్బు మీద గోరు ఆగేంత గాడి పడి ఉంది. పుల్లీ మార్చాలా?

నెమ్మది పానా

మార్చనవసరం లేదు. ఆ గాడి మీద తొడిగే పలుచటి స్టెయిన్‌లెస్ తొడుగులు దొరుకుతాయి, మందం సుమారు 0.28 మిల్లీమీటర్లే కాబట్టి మామూలు కొలత సీల్ దాని మీద సరిపోతుంది. హబ్బు వ్యాసాన్ని గాడి లేని చోట మైక్రోమీటర్‌తో కొలిచి తెప్పించుకోండి. లేదా కవరులో చోటుంటే కొత్త సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి, పెదవి కొత్తచోట ఆనేలా చేయవచ్చు. సీల్ పెదవి నూనె ఉన్న వైపు చూడాలి, ఎక్కించే ముందు దానికి నూనె రాయాలి, పొడిగా తిరిగితే మొదటి నిమిషంలోనే మాడుతుంది. పోయిన అంచు ముక్క గోరంతే కనుక బెల్టును కొరకకుండా ఆకురాయితో పదును తీసేయండి, వెల్డింగ్ చేయించకండి.

బిగించే ముందు షాఫ్టునూ బోరునూ సన్నటి గరుకు కాగితంతో శుభ్రం చేసి, పలుచగా యాంటీసీజ్ పూత (మళ్లీ తుప్పుతో పట్టేయకుండా ఆపేది) రాయండి, తర్వాత తీయవలసి వచ్చినవారు మిమ్మల్ని తలచుకుంటారు. కీ గాడిలో కొద్దిగా సీలెంట్ పెట్టడం మరచిపోకండి. నూనె సీల్ పెదవిని దాటకుండానే, హబ్బు లోపలినుంచి కీ గాడి వెంట డాగ్ దాకా వచ్చి కారుతుంది. కొత్త సీల్ వేసినా కారుతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించకుండా, మరిగే నీళ్లలో వేడి చేసి, తుడిచి, చేతితో తోసి, మిగిలిన దూరం డాగ్‌తోనే లాగండి. పాత షిమ్ములు ఉన్నవి ఉన్నట్లే పెట్టి, లాక్ వాషర్ కొత్తది వేసి, వర్క్‌షాప్ మాన్యువల్‌లో చెప్పిన బిగుతుకు బిగించి చెవి మడవండి.

బూడిదరంగు ఫెర్గూసన్

తొడుగు వేసి, కీ గాడిలో సీలెంట్ పెట్టి, అంతా తిరిగి బిగించాను. బిగించేటప్పుడు తాడును కంప్రెషన్ వైపు దూర్చాను. నిన్న నాలుగు గంటలు నడిపి మళ్లీ పౌడరు పరీక్ష చేస్తే పుల్లీ వెనక పొడిగానే ఉంది. హ్యాండిల్ కూడా కంప్రెషన్ దగ్గర కింది నుంచి పైకి లాగే స్థితిలోనే ఆగుతోంది.

లేత్ మిషను

ఆ ఉక్కు పలకను పారేయకండి. ఇంజన్ పేరు పెయింట్‌తో దాని మీద రాసి పుల్లర్ బోల్టులతో కలిపి కట్టి, ట్రాక్టర్ పనిముట్ల పెట్టెలో ఉంచండి.